నమ్మడం వేరు, తెలియడం వేరు



దేవుడున్నాడా అని ఎవరైనా అడిగినప్పుడు అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. మీరు దేవుణ్ణి నమ్ముతారా అన్నది ఒకటి. దేవుడున్న సంగతి మీకు ఖాయంగా తెలుసా అన్నది రెండోది. మొదటిదానికి అవునన్నంత మాత్రాన రెండోదానికీ అవుననాలని లేదు. అలాగే నేను నమ్మను అన్న మనిషి, లేడని నాకు రూఢిగా తెలుసు అన్నట్టూ కాదు. దేవుడి పేరు మీద ఇళ్లలో జరిగే వాదనలూ, వీధుల్లో జరిగే గొడవలూ చాలావరకు ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్ల పుట్టినవేనని నేననుకుంటాను. అందుకే ఈ పూట దీని గురించి కొంచెం తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందు మన ఇంటి సంగతే చూద్దాం. పిల్లవాడికి జ్వరం తగ్గడం లేదు. తల్లి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టి పటం ముందు ఉంచుతుంది. వాడికి నయమైతే కొండకు నడిచి వస్తానని మొక్కుకుంటుంది. ఆ తర్వాత డాక్టరు రాసిచ్చిన సిరప్పు మూతలో గీత దాకా కొలిచి తాగిస్తుంది. రాత్రి రెండింటికి లేచి మళ్లీ ఒళ్లు చూస్తుంది. తప్పకుండా నయమవుతుందని ఆమెకు ముందే తెలిసుంటే మొక్కుకోవాల్సిన పని లేదు. కాదని తెలిసినా మొక్కుకోదు. తన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో ఆ తల్లికి బాగా తెలుసు. చేతిలో ఉన్నది చేస్తోంది. లేనిదాన్ని ఒకరికి అప్పజెబుతోంది. ఆ ఒకరు ఉన్నారో లేరో విచారించి, రుజువు తెచ్చుకుని మరీ అప్పజెప్పడం లేదు. ఆమెను మూఢురాలని కొట్టిపారేసేవాళ్లు ఆమె మందు కొలిచిన సంగతి మరిచిపోతారు. ఆమె మొక్కును దేవుడున్నాడనడానికి సాక్ష్యంగా చూపించేవాళ్లు, ఆ మొక్కులో ఒక షరతు ఉన్న సంగతి మరిచిపోతారు.

నమ్మకం ఇలాంటిది. అది నా సొంత పూచీ మీద నడిచే వ్యవహారం. నేను నమ్మినందుకు మీకు జవాబు చెప్పుకోనక్కర్లేదు, మిమ్మల్ని నమ్మమని అడగనక్కర్లేదు. నాకు ఖాయంగా తెలుసు అన్నప్పుడు మాత్రం పరిస్థితి మారిపోతుంది. ఖాయమైన సంగతి నా ఒక్కరికే ఖాయంగా ఉండదు. అది మీకూ కనిపించాలి, మీరు పరీక్షించినా నిలబడాలి. అలా చూపించే బాధ్యత ఆ మాట అన్నవాళ్లదే.

ఈ ఎరుక మనకు కొత్తగా బయటినుంచి వచ్చింది కాదు. తెలుగువాళ్లందరికీ తెలిసిన గజేంద్రమోక్షాన్నే తీసుకోండి. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో ఉంది. ఏనుగుల రాజు నీళ్లలో దిగాడు, మొసలి పట్టుకుంది, వెయ్యేళ్లు పోరాడాడు, బలమంతా పోయింది. ఇక తన వల్ల కాదని తెలిశాక ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ప్రార్థన నడుమ పోతన ఆ ఏనుగు నోట ఒక సందేహం పలికించాడు. అన్నిచోట్లా ఉన్నాడని అందరూ చెబుతున్న ఆ ఒక్కడు అసలు ఉన్నట్టా, లేనట్టా అని! భక్తి కావ్యంలో, భక్తుడి నోట, ప్రాణం పోయే వేళ వచ్చిన మాట ఇది. పోతన దాన్ని దాచలేదు, తప్పని దిద్దలేదు, ఆ సందేహం వచ్చినందుకు గజేంద్రుణ్ణి చిన్నబుచ్చలేదు. తెలుగువాళ్లు ఆ పద్యాన్ని తరతరాలుగా పిల్లలకు కంఠతా నేర్పిస్తూనే ఉన్నారు.

ఇంకొకటి కూడా గమనించండి. గజేంద్రుడు ఫలానా దేవుడని పేరు పెట్టి పిలవలేదు. ఈ లోకమంతా ఎవరి వల్ల పుట్టిందో, ఎవరిలో ఉందో, ఎవరిలో కలుస్తుందో ఆయన రావాలన్నాడు. పేరు చెప్పలేదు కాబట్టి మిగతా దేవతలెవరూ కదల్లేదు, విష్ణువు ఒక్కడే వచ్చాడని కథ. ఎవర్ని పిలుస్తున్నాడో సరిగ్గా తెలియని ప్రాణి పిలుపు అది. సందేహం వచ్చాక ప్రార్థన ఆగిపోయిందా అంటే, లేదు. ఆ తర్వాతే మరింత ఆర్తిగా సాగింది. ఉన్నాడని తేల్చుకున్నాకే పిలుస్తాను అనుంటే గజేంద్రుడు ఆ మడుగులోనే పోయేవాడు. సందేహం నమ్మకానికి శత్రువని మనకెవరు నేర్పారో గానీ, పోతన మాత్రం నేర్పలేదు.

భక్తి కావ్యాన్ని వదిలి శాస్త్రాల్లోకి వెళ్తే ఇదే సంగతి ఇంకా గట్టిగా కనిపిస్తుంది. న్యాయ దర్శనంవాళ్లు తెలుసుకోవలసినవి పదహారని ఒక పట్టిక వేశారు. అందులో సంశయం ఒకటి, నిర్ణయం మరొకటి. సంజె చీకట్లో దూరంగా నిటారుగా ఏదో కనిపిస్తుంది. మోడా, మనిషా? అది సంశయం. దగ్గరికి వెళ్లి, కొమ్మలో చేతులో చూసుకుని తేల్చుకుంటే నిర్ణయం. ఈ రెంటి మధ్య దూరాన్ని నడవాల్సిందేనని, మధ్యలో గంతు వేసి దాటడానికి లేదని వాళ్ల పట్టుదల.

ఆ సంప్రదాయంలోనే సుమారు వెయ్యేళ్ల కిందట మిథిలలో ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి రాశాడు. ఈశ్వరుడున్నాడని తర్కంతో నిరూపించడానికి మన దేశంలో జరిగిన అతి పెద్ద ప్రయత్నం అది. బౌద్ధులు, చార్వాకులు, మీమాంసకులు వేసిన ఆక్షేపణలన్నీ తీసుకుని ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. ఆయన వాదాల్లో ముఖ్యమైనది మనకందరికీ తెలిసిన పద్ధతిలోనే ఉంటుంది. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నాడు. భూమి, చెట్టు, చేమ కూడా తయారైనవే కాబట్టి వాటికీ చేసినవాడుండాలి. ఉదయనుడి గురించి ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. పూరీ వెళ్తే గుడి తలుపులు మూసి ఉన్నాయట. బౌద్ధులు నీ మీదికి వచ్చినప్పుడు నీ ఉనికి నా మీద ఆధారపడి ఉంటుందని గుర్తుంచుకో, అని జగన్నాథుడితోనే అన్నాడట. కథ నిజమో కాదో గానీ, నిరూపించేవాడి మనస్తత్వం అందులో చక్కగా పట్టుబడింది. దేవుడి ఉనికి తన వాదం మీద నిలబడిందనుకోవడం దాకా వెళ్లిందది.

దానికి జవాబు నాస్తికుల నుంచే వచ్చిందనుకుంటే పొరపాటు. శ్రీభాష్యంలో రామానుజులు ఈ వాదాన్ని తీసుకుని విడదీసి చూపించారు. కుండను కుమ్మరి చేయడం మనం చూశాం. భూమినీ సముద్రాలనీ ఎవరైనా చేస్తుండగా ఎవరు చూశారు? పోనీ చేసినవాడున్నాడనే ఒప్పుకుందాం, ఒక్కడే ఎందుకు కావాలి? పెద్ద మేడ కట్టడానికి ఎంతమందో కావాలి కదా. అంతా ఒకేసారి చేశారని మాత్రం ఎలా చెబుతాం? మనకు తెలిసిన పనివాళ్లందరికీ శరీరాలున్నాయి, మరి ఆ చేసినవాడికీ శరీరముండాలి కదా? ఇలా అడుగుతూ పోయి, అనుమాన ప్రమాణం, అంటే కనిపించేదాన్నిబట్టి కనిపించనిదాన్ని ఊహించే తర్కం, ఒక్కదానితో ఈశ్వరుణ్ణి స్థాపించడం కుదరదని తేల్చేశారు. శంషాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించిన 216 అడుగుల విగ్రహం ఈయనదే. శరణాగతిని అంతగా బోధించిన ఆచార్యుడు దేవుడి తరఫున చెప్పే అతి బలమైన తర్కాన్ని తన చేత్తోనే పక్కన పెట్టారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. రామానుజులకు సందేహం లేదు. ఆయనకు వేదం ప్రమాణం, దాని ద్వారానే ఈశ్వరుడు తెలుస్తాడు. కానీ వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోని మనిషిని కుండనూ కుమ్మరినీ చూపించి లొంగదీయలేమని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నట్టే కదా. ఆయన కంటే ముందు కుమారిల భట్టు ఇంకా దూరం వెళ్లాడు. వేదం చెప్పిన కర్మకాండలో ఒక్క అక్షరం పోనివ్వని ఆ మీమాంసకుడు, లోకాన్ని సృష్టించిన కర్త ఒకడున్నాడన్న వాదాన్ని శ్లోకవార్తికంలో ఖండించాడు. దేవుడి ఉనికిని శంకించడం మన సంస్కృతికి పరాయిదని చెప్పేవాళ్లు ఈ పుస్తకాల జోలికి వెళ్లినట్టు లేదు. ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం సృష్టి ఎలా మొదలైందో పైనున్నవాడికైనా తెలుసో లేదో అన్న అనుమానంతోనే ముగుస్తుంది.

ఇంత సంప్రదాయం ఉండి కూడా కళ్లతో చూసి తేల్చుకోవాలన్న ఆత్రం మనల్ని వదల్లేదు. 1995 సెప్టెంబరు 21, గురువారం. ఢిల్లీలో తెల్లవారుజామున మొదలైన కబురు పొద్దెక్కేసరికి దేశమంతా పాకింది. వినాయకుడు పాలు తాగుతున్నాడని. గుళ్ల ముందు చెంబులు, గ్లాసులు, పాల ప్యాకెట్లతో వరసలు. విదేశాల్లో మనవాళ్లు కట్టుకున్న గుళ్లలోనూ అంతే. చెంచాలో అంచుదాకా పాలు పోసి తొండానికి ఆనిస్తే, పాలు తగ్గుతూ ఉండడం నిజమే. శాస్త్రవేత్తలు అదే రోజు పాలల్లో రంగు కలిపి చూపించారు. నిండు చెంచాలో పాలు అంచు పైకి కొంచెం ఉబ్బి ఉంటాయి. తలతన్యత అంటాం చూడండి, దానివల్ల. ఆ ఉబ్బు రాయికి తగలగానే పాలు రాతి మీదికి లాక్కుపోయి, పల్చని పొరలా విగ్రహం వెంట కిందికి జారిపోతాయి. తెల్లటి పాలరాతి మీద తెల్లటి పాలు కనపడవు. రంగు కలిపితే దారి మొత్తం కనిపించింది.

ఆ వరసల్లో నిలబడ్డవాళ్లను ఎగతాళి చేయడం నాకు ఏనాడూ నచ్చలేదు. వాళ్లలో చాలామంది పండక్కి మట్టి వినాయకుణ్ణి తెచ్చుకుని, పూజ చేసుకుని, నిమజ్జనం చేసి వచ్చినవాళ్లే. నీళ్లలో కరిగిపోయే బొమ్మకు మొక్కినప్పుడు వాళ్లకు ఏ రుజువూ అవసరం కాలేదు. ఆ రోజు మాత్రం ఎవరో ఒక చెంచా చూపించి, ఇదిగో సాక్ష్యం అన్నారు. సాక్ష్యం అన్న తర్వాత అది పరీక్షకు నిలబడాలి. నిలబడలేదు. మర్నాడు గుళ్లలో దీపం పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. వాళ్ల నమ్మకం ఆ చెంచా మీద ఆధారపడి లేదని దాన్నిబట్టే తెలుస్తుంది. మహిమలు చూపించి నమ్మకాన్ని ఖాయం చేస్తామని బయలుదేరే బాబాల గురించి నాకున్న అభ్యంతరం కూడా ఇదే. వాళ్లు ముందు మోసం చేసేది దేవుడు లేడనేవాళ్లను కాదు, నమ్మేవాళ్లను.

ఇక అవతలి ఒడ్డున ఉన్నవాళ్ల సంగతి. నమ్మనివాళ్లకు నమ్మకపోవడం తేలికని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండులో థామస్ హెన్రీ హక్స్‌లీ అనే జీవశాస్త్రవేత్త ఉండేవాడు. డార్విన్ సిద్ధాంతాన్ని నలుగురిలో నిలబడి సమర్థించినవాడు. 1856 డిసెంబరు 31 రాత్రి పదిన్నరకు, భార్య పురిటి నొప్పులు పడుతుండగా, డైరీలో తన జీవితం ఎలా గడపాలనుకుంటున్నాడో రాసుకుంటూ కూర్చున్నాడు. పన్నెండుకు అయిదు నిమిషాల ముందు కొడుకు పుట్టాడు. నోయెల్ అని పేరు పెట్టారు. నాలుగేళ్లు నిండక ముందే, 1860 సెప్టెంబరులో, స్కార్లెట్ జ్వరం వచ్చి రెండే రోజుల్లో ఆ పిల్లవాడు పోయాడు. పుట్టిన రాత్రి రాసుకున్న ఆ రాతకు కిందనే హక్స్‌లీ కొడుకు చావు కూడా రాసుకున్నాడు.

చార్లెస్ కింగ్‌స్లీ అనే మతాచార్యుడు, నవలా రచయిత, ఆయనకు స్నేహితుడు. ఓదారుస్తూ ఉత్తరం రాశాడు. ఆత్మకు చావు లేదన్న నమ్మకం ఈ దుఃఖంలో నీకు ఆసరా అవుతుంది కదా అన్నది దాని సారం. దానికి హక్స్‌లీ రాసిన జవాబు చాలా పెద్దది. మర్యాదగా, ప్రేమగా, కానీ ఎక్కడా వెనక్కి తగ్గకుండా రాశాడు. మనిషి చనిపోయాక ఉంటాడని నేను అననూ లేను, ఉండడని కొట్టిపారేయనూ లేను అన్నాడు. నమ్మడానికి కారణం కనపడలేదు, కాదని నిరూపించే సాధనమూ నా దగ్గర లేదు అన్నాడు. నమ్మితే నాకు హాయిగా ఉంటుంది కాబట్టి అది నిజమవుతుందని అనుకోలేను అన్నాడు. శవపేటిక పక్కన నిలబడ్డప్పుడు పురోహితుడు బైబిలు నుంచి చదివిన వాక్యాలు, చనిపోయినవాళ్లు మళ్లీ లేవరనుకుంటే ఇక తిని తాగి కాలం గడపడమేగా అన్న భావం ఉన్నవి, తనను గాయపరిచాయని రాశాడు. బిడ్డ తిరిగి రాడని అనుకుంటే నేను పశువునైపోవాలా అని ఆయన బాధ.

కడుపు కోతతో ఉన్న తండ్రి, స్నేహితుడు చేయి చాస్తే, తనకు తెలియనిదాన్ని తెలిసినట్టు నటించనన్నాడు. ఉందని అనలేదు సరే, లేదని కూడా అనలేదు చూడండి. ఆ రెండోది ఇంకా కష్టమనుకుంటాను. కోపంలో ఉన్నవాడికి లేదు అనేయడం ఎంతో ఊరటనిస్తుంది. కింగ్‌స్లీని కూడా తక్కువ చేయకూడదు. తన నమ్మకంలోంచి తనకు తోచిన ఓదార్పు ఇచ్చాడు. ఎదుటివాడు తీసుకోకపోతే స్నేహం వదులుకోలేదు.

ఇక్కడ మదర్ తెరిసా గుర్తొస్తారు. 1997లో ఆవిడ కన్నుమూశాక, 2007లో ఆవిడ రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. చింపేయమని ఆవిడ కోరిన ఉత్తరాలవి. కలకత్తాలో పని మొదలుపెట్టిన తొలి రోజుల నుంచీ దాదాపు చివరిదాకా, దేవుడు తనతో లేడన్న శూన్యాన్ని అనుభవించినట్టు వాటిలో ఉంది. ప్రార్థిస్తే జవాబు రాదు, లోపల చీకటి. పుస్తకం వచ్చినప్పుడు కొందరు, చూశారా, ఆవిడకే నమ్మకం లేదు, ఇన్నాళ్లూ నటించింది అన్నారు. నాకది అన్యాయమనిపించింది. దేవుడున్న అనుభూతి కలుగుతుంటే ప్రార్థన చేయడం, రోడ్డు పక్క పడివున్న మనిషి ఒళ్లు కడగడం ఎవరికైనా సాధ్యమే కావచ్చు. ఆ అనుభూతి లేకుండా దాదాపు యాభై ఏళ్లు అదే పని చేయడానికి ఎంత నమ్మకం కావాలి? ఆవిడకు లేనిది నిశ్చయం. నమ్మకం కాదు. 2016లో క్యాథలిక్ చర్చి ఆవిడను పునీతురాలిగా ప్రకటించినప్పుడు ఆ ఉత్తరాలు అడ్డం రాలేదు.

ఇంతవరకు ఒక్కొక్క మనిషి లోపల జరిగినది చూశాం. దేశం మొత్తం ఈ ప్రశ్న ముందు నిలబడిన రోజు ఒకటుంది. 1949 అక్టోబరు 17. రాజ్యాంగ సభలో పీఠిక మీద చర్చ. రాజేంద్రప్రసాద్ అధ్యక్ష స్థానంలో ఉన్నారు. హెచ్.వి. కామత్ లేచి, పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని సవరణ ప్రతిపాదించారు. భారత ప్రజలమైన మేము అన్న మాటలకు ముందు దేవుడి పేరు రావాలని ఆయన కోరిక. మనస్ఫూర్తిగా కోరిన కోరిక, సందేహం లేదు.

వ్యతిరేకించినవాళ్లు ఎవరో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తిరువాన్కూరు నుంచి వచ్చిన పట్టం థాను పిళ్లై, నేను నమ్మేవాణ్ణే, అయినా ఈ సవరణ నమ్మనివాళ్ల చేత నమ్మకాన్ని బలవంతంగా పలికించినట్టవుతుంది అన్నారు. హృదయనాథ్ కుంజ్రూ, ఇది మనస్సుకు సంబంధించిన పవిత్రమైన సంగతి, ఒకరి భావాన్ని అందరి మీదా రుద్దకూడదన్నారు. దేవుడు కాదు, దేవి పేరు పెట్టండని అన్న సభ్యుడు కూడా ఉన్నారు. పూర్ణిమా బెనర్జీ, దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇబ్బందిలో మమ్మల్ని పెట్టవద్దని కామత్‌ను బతిమాలారు. ఆవిడ విన్నపం చాలా లోతైనది. దేవుడి మీద చేతులెత్తి లెక్కపెడితే, గెలిస్తే మాత్రం ఏం తేలినట్టు? ఓడిపోతే ఏం తేలినట్టు? కామత్ వినలేదు, ఓటింగు కావాలన్నారు. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. సవరణ వీగిపోయింది. ఇది మన చరిత్రలో చీకటి రోజని కామత్ బాధపడ్డారు.

నాకు మాత్రం అది గొప్ప రోజు. ఆ 68 మందిలో నాస్తికులు ఎందరో నేను చెప్పలేను గానీ, ఆ సభ మొత్తంలో పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లే ఎక్కువని అనుకోవడానికి అభ్యంతరం ఉండదు. వాళ్లు తమ నమ్మకాన్ని తీసి బయట పారేయలేదు. దాన్ని దేశం తరఫున ఖాయం చేసే హక్కు తమకు లేదన్నారు, అంతే. అదే రాజ్యాంగంలో రాష్ట్రపతి నుంచి శాసనసభ్యుడి దాకా ప్రమాణం చేసే తీరు చూడండి. దైవసాక్షిగా చేయదలచుకున్నవాళ్లు అలా చేయవచ్చు. దేవుడి పేరెత్తకుండా ప్రతిజ్ఞ చేయదలచుకున్నవాళ్లు అలా చేయవచ్చు. రెండింటికీ విలువ ఒక్కటే. మన అసెంబ్లీలో కొత్త సభ్యులు వరసగా వచ్చి ప్రమాణం చేస్తుంటే ఒకరి వెనక ఒకరుగా ఈ రెండూ వినిపిస్తాయి. ఎవరూ ఎవరినీ ఆపరు.

ఇంట్లో పిల్లలు అడిగినప్పుడు కూడా ఇంత వెసులుబాటు ఉంటే బాగుంటుంది. ఆరేళ్ల పిల్ల, నాన్నా, దేవుడు నిజంగా ఉన్నాడా అంటే, ఉన్నాడు, ఇంకోసారి అలా అడిగితే కళ్లు పోతాయి అని చెప్పే ఇళ్లున్నాయి. లేడు, అదంతా పిచ్చి అని నోరు మూయించే ఇళ్లూ ఉన్నాయి. నేను నమ్ముతానమ్మా, మీ తాతయ్య నమ్మేవారు కాదు, నువ్వు పెద్దయ్యాక ఆలోచించుకో అని చెప్పే తండ్రి, నా లెక్కలో, ఆ పిల్లకు ఆస్తి ఇచ్చినంత పని చేశాడు.

చివరగా మన గోరా గారి సంగతి. గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన లెక్చరరు. నాస్తిక భావాల వల్ల కాకినాడలో ఒకసారి, బందరులో ఒకసారి ఉద్యోగం పోయింది. గర్భవతి గ్రహణం చూస్తే బిడ్డకు అవకరం వస్తుందని ఊరంతా భయపడే రోజుల్లో, ఆయన భార్య సరస్వతి కడుపుతో ఉండి బయటికి వచ్చి గ్రహణం చూశారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. అంటరానివాళ్లని సమాజం దూరం పెట్టినవాళ్లను, వాళ్లను దూరం పెట్టిన కులాలవాళ్లను ఒకే వరసలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు నడిపారు. దేవుడు లేడన్న విషయంలో గోరా మాట మెత్తగా ఉండేది కాదు. ఆయన వాదంలో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది మాత్రం ఆకాశం గురించినది కాదు, నేల మీది మనుషుల గురించినది. ఇదంతా దైవ నిర్ణయం, కర్మ ఫలం అనుకోవడం వల్ల తొక్కేవాడికి సిగ్గు లేకుండా పోయింది, నలిగేవాడికి ఆశ లేకుండా పోయింది అన్నది ఆయన ఆవేదన. ఆ మాట నిజమో కాదో చూడడానికి దేవుడున్నాడో లేడో ముందు తేలనక్కర్లేదు. ఊళ్లో బావి దగ్గరికి వెళ్లి చూస్తే సరిపోతుంది.

ఆ గోరా 1944 చివర్లో సేవాగ్రాం వెళ్లి గాంధీని కలిశారు. అప్పటికే గాంధీ, దేవుడే సత్యమని చెప్పడం మానేసి, సత్యమే దేవుడని చెబుతున్నారు. దేవుడు లేడనేవాళ్లు కూడా సత్యం లేదనలేరు కాబట్టి ఆ మార్పు చేసుకున్నారు. గోరా తన పని గురించీ, నాస్తికత్వం ఎందుకు కావాలో దాని గురించీ వివరంగా చెప్పారు. గాంధీ శ్రద్ధగా విన్నారు. నా ఆస్తికత్వమే ఒప్పని గానీ, మీ నాస్తికత్వం తప్పని గానీ నేను అనలేను, మనమిద్దరం సత్యాన్ని వెతుకుతున్నవాళ్లం అన్న అర్థంలో జవాబిచ్చారు. ఆ సంభాషణలన్నీ గోరా రాసిపెట్టారు. 1951లో నవజీవన్‌వాళ్లు ఇంగ్లిషులో పుస్తకంగా వేశారు. రోజుకు రెండు పూటలా ప్రార్థన జరిపించే మనిషి, ఊరూరా తిరిగి దేవుడు లేడని చెప్పే మనిషితో అన్న మాట అది. గాంధీ ప్రార్థన మానేశారా? లేదు. గోరా దేవుణ్ణి ఒప్పుకున్నారా? లేదు.

ఆ తర్వాత గోరా తన పెద్ద కూతురు మనోరమను, అంటరానివారని అప్పటి సమాజం దూరం పెట్టిన కులంలో పుట్టిన అర్జునరావు గారికిచ్చి చేయాలనుకున్నప్పుడు, పెళ్లి సేవాగ్రాంలో జరిపిద్దామని గాంధీ అన్నారు. నాస్తికుల పెళ్లి కదా, ప్రమాణంలో దేవుడి పేరు చెప్పడం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద ప్రమాణం చేయించడానికి గాంధీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ప్రార్థనకు నడిచి వెళుతూ ఆయన నేలకొరిగారు. పెళ్లి ఆ సంవత్సరమే, అనుకున్నట్టే, సేవాగ్రాంలో జరిగింది. గోరా 1975 జులై 26న విజయవాడలో కన్నుమూసేదాకా, దేవుడు లేడనీ, గాంధీ తనకు ఎంతో కావలసినవాడనీ చెబుతూనే ఉన్నారు.